కాలేజీకి కొన్న కంపారిజన్ మైక్రోస్కోప్: ఆరు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, కొనొచ్చు. అద్దాలు మంచివి. స్టేజీలు, అంటే వస్తువుని పెట్టే బల్లలు, ఫరవాలేదు. లైట్లు బిగించిన తీరు తప్పు, అది మనమే సరిచేసుకోవచ్చు. దానితోపాటు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ని మాత్రం డబ్బాతో సహా అటక మీద పడెయ్యండి. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపెయ్యొచ్చు. మిగతాదంతా ఎందుకన్నదే.

నేను ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబులో బాలిస్టిక్స్ సెక్షన్‌లో, అంటే తుపాకులూ తూటాలూ చూసే విభాగంలో, పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో ఒక డిగ్రీ కాలేజీలో వారానికి మూడు రోజులు ఫోరెన్సిక్ పాఠాలు చెబుతున్నాను. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కదా, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ వాళ్లు స్థలానికి వెళ్లి తీరాలని అందులో రాశారు. దాంతో ఈ కోర్సుకి గిరాకీ పెరిగింది. మా కరెస్పాండెంట్ గారు కూడా ఉత్సాహపడి "సార్, ల్యాబుకి ఏం కావాలో రాసివ్వండి" అన్నారు. మొదటి పేరుగా ఇదే రాశాను. మూడు లక్షల నలభై వేలు, జీఎస్టీ అదనం. రేటు చూసి ఆయన ఉత్సాహం కొంచెం తగ్గింది గానీ మాట తప్పలేదు. కంపెనీ పేరు రాయను. ఇదే యంత్రం, ఇదే బూడిదరంగు డబ్బా, నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు. ఎవరి దగ్గర కొన్నా మీకు వచ్చేది దాదాపు ఇదే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పక్కపక్కనే రెండు మైక్రోస్కోపులు, వాటిని కలుపుతూ పైన ఒక వంతెన, దాని లోపల పట్టకాలు. కళ్లు పెట్టి చూస్తే ఒకటే గుండ్రటి దృశ్యం, నడిమధ్యన వెంట్రుకంత నిలువు గీత. గీతకి ఎడమన ఎడమ స్టేజీ మీది వస్తువు, కుడిన కుడి స్టేజీ మీది వస్తువు. ఇటువైపు గాడి ఆ గీత దాటి అటువైపు గాడిలోకి సాగిపోయిందా, అక్కడే తెగిపోయిందా, అదే చూడాల్సింది. 1920లలో న్యూయార్క్‌లో కాల్విన్ గొడార్డ్, ఫిలిప్ గ్రావెల్ వాళ్లు దీన్ని తూటాల పనికి వాడుకలోకి తెచ్చారు. అంతకుముందు ఒక తూటాని చూసి, దాన్ని మనసులో పెట్టుకుని, ఆ తర్వాత రెండోదాన్ని చూసేవారు. చీర ఇంట్లో వదిలేసి మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లి జాకెట్టు గుడ్డ ఎంచినట్టన్నమాట. ఏ ఆడమనిషైనా ఒప్పుకుంటుందా?

తుపాకుల కోసం పుట్టిన యంత్రమే గానీ మా కాలేజీలో తుపాకి లేదు, తూటా లేదు, కాల్చేసిన ఖాళీ కేసు (తూటా వెనక మందు ఉండే లోహపు గొట్టం) కూడా లేదు. ఆయుధాల చట్టంతో ఆటలు వద్దని నేనే పట్టుబట్టాను. "మరి ఇంత డబ్బు పెట్టి దేన్ని చూస్తారు?" అని ప్రిన్సిపాల్ గారు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. స్క్రూడ్రైవర్లు చూస్తాం మేడమ్, కటింగ్ ప్లేయర్లు, ఉలులు, గడ్డపారలు చూస్తాం అన్నాను. ఇనుము ఇనుమే. తుపాకి గొట్టం తూటా మీద గీసినా, దొంగ స్క్రూడ్రైవర్ బీరువా తలుపు మీద గీసినా సూత్రం ఒకటే: గట్టి పనిముట్టు అంచులో ఉన్న ఎగుడుదిగుళ్లు మెత్తటి లోహం మీద గీతలై పడతాయి. ఆవిడకి విమానవీరుడు లిండ్‌బర్గ్ పిల్లవాడి కేసు కూడా చెప్పాను. 1932, న్యూజెర్సీ. పిల్లవాణ్ణి ఎత్తుకెళ్లినవాడు ఇంటికి కొంచెం దూరంలో ఒక చెక్క నిచ్చెన వదిలేసిపోయాడు. ఆర్థర్ కోలర్ అనే కలప శాస్త్రవేత్త ఆ చెక్క మీద మిల్లు యంత్రం వదిలిన చిత్రికగుర్తులు పట్టుకుని సౌత్ కరోలినాలోని మిల్లు దాకా, అక్కణ్ణుంచి బ్రాంక్స్‌లోని కలప అడితి దాకా వెళ్లాడు. ఆఖరికి నిందితుడు హాప్ట్‌మన్ ఇంట్లో దొరికిన చేతి చిత్రిక వదిలే గీతలు నిచ్చెన మీది గీతలతో కలిశాయని 1935లో కోర్టులో చెప్పాడు. అందులో తుపాకి ఎక్కడుంది? ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టారు.

ఇక యంత్రం సంగతి.

వచ్చిన రోజే చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది, అమ్మేవాడు దాని ఊసెత్తడు. రెండు స్టేజ్ మైక్రోమీటర్లు తీసుకోండి. అంటే ఒక మిల్లీమీటరుని వంద భాగాలు చేసి గీసిన గాజు పలకలు. ఎడమన ఒకటి, కుడిన ఒకటి పెట్టి, సున్నా దగ్గర రెండింటినీ కలిపి, అక్కణ్ణుంచి గీతలు ఎంత దూరం కలిసి వెళ్తాయో చూడండి. మాది పై శక్తిలో పెట్టి చూస్తే ఎడమన నలభై వచ్చేసరికి కుడిన నలభై ఒకటి. అంటే ఒకవైపు రెండున్నర శాతం పెద్దగా చూపిస్తోంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఒకే పనిముట్టు గీసిన గీతలు కూడా మొదట్లో కలిసి, పోనుపోను జరిగిపోతాయి. పిల్లలు "కలవలేదు సార్" అంటారు, వాళ్ల తప్పేం ఉంది? ఫోన్ చేస్తే పదకొండో రోజున కంపెనీ కుర్రాడు వచ్చాడు. వాడికి పని తెలుసు, ఆ మాట చెప్పాలి. అలెన్ కీ పట్టుకుని అరగంటలో సరిచేశాడు. ఇప్పుడు వంద గీతలకి అర గీత తేడా కూడా లేదు. వెళ్తూ వెళ్తూ మంచి మాట ఒకటి చెప్పాడు: "సార్, ఈ లెన్సులు జతలు జతలుగా ఏరి పెడతాం. తుడవడానికి విప్పినప్పుడు ఎడమది కుడికి మార్చకండి." నేను మా ఆవిడ గోళ్లరంగు తెచ్చి ఎడమ లెన్సులన్నిటికీ ఎర్రచుక్క పెట్టేశాను.

అద్దాల నాణ్యతకి మాత్రం వంక పెట్టలేను. విడదీసే గీత సన్నగా, శుభ్రంగా ఉంది. దాన్ని పక్కకి జరిపి ఒకే వస్తువుని పూర్తిగా చూడొచ్చు, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పరిచి కూడా చూడొచ్చు. అంచుల్లో కొద్దిగా మసక ఉంది, పట్టించుకోనక్కర్లేదు. మన పని పది రెట్ల నుంచి నలభై రెట్ల లోపే జరిగిపోతుంది. ఎక్కువ పెద్దది చేస్తే ఎక్కువ తెలుస్తుందనుకోవడం కొత్తవాళ్ల భ్రమ. దగ్గరికి వెళ్లేకొద్దీ ఇసకరేణువులు కనిపిస్తాయి, దారి కనిపించదు.

లైట్ల దగ్గర నాకు ఒళ్లు మండింది. ఎడమ స్టేజీ లైటు ఎడమ చివర, కుడి స్టేజీ లైటు కుడి చివర బిగించారు. చూడటానికి అందంగా ఉంది, గుడి వాకిట రెండు దీపస్తంభాల్లా. కానీ అలా పెడితే ఒకదాని మీద వెలుగు ఎడమనుంచి, ఇంకోదాని మీద కుడినుంచి పడుతుంది. గీతల నీడలు తారుమారవుతాయి. ఇక్కడ గట్టుగా కనిపించేది అక్కడ గాడిగా కనిపిస్తుంది. రెండు లైట్లూ ఒకే దిక్కునుంచి, ఒకే వాలులో రావాలి. ఈ పని చేసేవాళ్లకి ఇది మొదటి రోజు పాఠం. దీన్ని తయారుచేసినవాడు ఒక్కసారైనా కళ్లు పెట్టి రెండు గుర్తులు పోల్చి చూశాడా అని నా అనుమానం. మా అటెండర్ కుడి లైటు విప్పేసి, పాత టేబుల్ ల్యాంపు వంగే మెడ ఒకటి తెచ్చి, రెండు స్టేజీల మధ్యకి వచ్చేలా బిగించాడు. ఖర్చు నూటనలభై రూపాయలు.

దిక్కు కుదిరాక రంగు బయటపడింది. ఎడమ ఎల్ఈడీ తెలుపు, కుడిది పసుపు. మా ఆవిడ గుడ్డలకొట్లో ట్యూబులైటుని నమ్మదు, రెండు గుడ్డలూ పట్టుకుని గుమ్మం బయట ఎండలోకి వస్తుంది. ఇక్కడ బయటికి రావడానికి గుమ్మం లేదు. ఒక సగం వెన్నెల, ఒక సగం లాంతరు. గీతల పోలికకి రంగుతో పెద్ద పని లేదు నిజమే, కానీ కన్ను ముందు రంగు తేడానే పట్టుకుంటుంది, "ఇవి వేరు" అని మనసు ముందే తీర్పు చెప్పేస్తుంది. మార్చమని రాశాను. ఆ కథ చివర్లో చెబుతా.

వస్తువుని పట్టే హోల్డరు బంతికీలు మీద తిరుగుతుంది, ఎటు కావాలంటే అటు వంచుకోవచ్చు. కొత్తలో బాగానే ఉంది. రెండో నెలనుంచి సీసం రేకు బరువుకే మెల్లగా జారుతోంది. ప్లంబర్లు నల్లాకి చుట్టే తెల్ల టేపు రెండు చుట్లు చుట్టాం, ఆగింది. బరువు, దుమ్ముకవరు, వైర్ల పొడవు, ఇలాంటివాటితో గొడవేం లేదు.

అసలు పరీక్ష ఇది. రాణీగంజ్‌లో ఒకే అట్టపెట్టెలోంచి ఒకే రకం బల్లపరుపు స్క్రూడ్రైవర్లు రెండు కొన్నాను, పిడి మీద ఒకటి, రెండు అని రాశాను. సీసం రేకు మీద వాటితో గీయించాను. సీసమే ఎందుకంటే మెత్తనిది, గుర్తు బాగా పడుతుంది, స్క్రూడ్రైవర్ మూతి చెడదు. గీసేటప్పుడు వాలు ముఖ్యం. ముప్ఫై డిగ్రీల్లో గీసినదీ, అరవై డిగ్రీల్లో గీసినదీ ఒకే స్క్రూడ్రైవర్‌వైనా కలవకపోవచ్చు, ఎందుకంటే అంచులో తగిలే భాగం మారిపోతుంది. అందుకని చెక్కతో ఒక వాలుబల్ల చేయించి, దాని ఆసరాతో అన్నీ నలభై అయిదు డిగ్రీల్లో గీయించాను. బీరువా తలుపులాంటి పెద్ద వస్తువు మైక్రోస్కోపు కిందకి రాదు కాబట్టి అచ్చులు తియ్యడం కూడా నేర్పాలి. దానికి విదేశీ సిలికాన్ ఖరీదెక్కువ, పళ్ల డాక్టర్లు వాడే పుట్టీ మా పాఠానికి సరిపోయింది. ఒకటే గుర్తుపెట్టుకోవాలి: అచ్చులో గట్టు గాడవుతుంది, గాడి గట్టవుతుంది, కాబట్టి అచ్చుని అచ్చుతోనే పోల్చాలి.

ఒకటో నంబరు గీసిన రెండు గుర్తులు ఎడమన, కుడిన పెట్టి, మెల్లగా జరుపుతూ పోతే ఒకచోట టక్కున కుదిరింది. ఎడమ గీతలన్నీ కుడిలోకి సాగిపోయాయి, మధ్య గీత ఉందన్న సంగతే మరిచిపోయేలా. లావుపాటి గాడి ఒకటి, దాని పక్కనే మూడు సన్నవి, కొంచెం ఎడం, మళ్లీ జంట గీతలు. రెండో సంవత్సరం పిల్ల ఒకామె కళ్లు తీయకుండానే "అమ్మో" అంది. ముప్ఫై ఏళ్లు చూసినా నాకూ ఆ క్షణం పాతబడలేదు.

తర్వాత ఒకటో నంబరుకి ఎదురుగా రెండో నంబరు పెట్టించాను. ఇక్కడ మజా ఉంది. లావుపాటి గీతలు కొన్ని కలిశాయి! రెండింటి మూతులూ ఒకే యంత్రం మీద, ఒకదాని తర్వాత ఒకటి తయారైతే ఆ యంత్రం పోలికలు రెండింటికీ రావచ్చు, అన్నదమ్ములకి ఒకే ముక్కు వచ్చినట్టు. సన్నగీతలు మాత్రం కలవలేదు. యంత్రం నుంచి వచ్చిన ఆ లావుపాటి గీతల్నే మేం సబ్‌క్లాస్ గుర్తులంటాం, కొత్తవాళ్లు బోల్తాపడేది సరిగ్గా ఇక్కడే. ఈ తేడాని యంత్రం స్పష్టంగా చూపించింది. పెట్టిన డబ్బు అక్కడితో గిట్టిందనుకున్నాను.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. కెమెరా కంప్యూటర్‌కి కలిపి, రెండు సగాల మీద బొమ్మలు తీసి ఒక బటన్ నొక్కితే తెరమీద ఆకుపచ్చ అక్షరాలతో "మ్యాచ్" అని, పక్కనే శాతం వస్తుంది. పిల్లలకి తెగ నచ్చింది. ఒకే స్క్రూడ్రైవర్ గుర్తులు రెండూ పెట్టాం, 71 అంది. వేరువేరు స్క్రూడ్రైవర్లవి పెట్టాం, 88 అంది. లైటు కొంచెం పక్కకి జరిపాను, అవే గుర్తులు, 64కి దిగింది. చివరికి విసుగొచ్చి ఏ గీతా లేని ఉత్త సీసం రేకు ముక్కలు రెండు పెట్టాను. 97! ఫోన్‌లో కంపెనీ కుర్రాణ్ణి "ఏం బాబూ, ఏమిటిది?" అని అడిగితే, "రెండూ సీసమే కదా సార్, అది కూడా మ్యాచే" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ అంకె ఎలా వస్తుందని అడిగితే పైవాళ్లని కనుక్కుంటానన్నాడు. ఇంకా కనుక్కుంటూనే ఉన్నాడు.

ఇంత కోపం ఎందుకంటే, ఆ అంకె లేనందుకు ఒకసారి నేనే బోనులో నీళ్లు నమిలాను. ఊరు పేరు వద్దు, నాటు తుపాకి కేసు. నాటు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది, రైఫ్లింగ్ గాళ్లు, అంటే తూటాని తిప్పే మెలి గాళ్లు, ఉండవు, తూటా మీద వెతికినా పెద్దగా దొరికేదేం లేదు. అసలు సంగతి ఖాళీ కేసు అడుగున ఉంటుంది. పేలినప్పుడు కేసు వెనక్కి తన్ని బ్రీచ్ ముఖానికి, అంటే గొట్టాన్ని వెనకనుంచి మూసే లోహపు ముఖానికి, ఒత్తుకుంటుంది. ఆ ముఖాన్ని ఎవడో పల్లెటూరి కమ్మరి ఆకురాయితో చేత్తో రాకి ఉంటాడు, ఆ రాకుడు గీతలు మళ్లీ ఇంకో తుపాకిలో రావడం కష్టం. నాకు బ్రహ్మాండంగా కలిశాయి. డిఫెన్సు లాయరు గారు లేచి, "ఎన్ని గీతలు కలిశాయండీ?" అన్నారు. లెక్కపెట్టలేదన్నాను. "మరి సరిపోయాయని ఎలా తెలిసింది?" చూస్తే తెలుస్తుందండీ, అనుభవం మీద, అన్నాను. జడ్జి గారు రాసుకుంటున్నవారు కలం ఆపి నావైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ గుర్తే.

అప్పటికే ఆ లెక్క ఉంది, నేనే పట్టించుకోలేదు. కాలిఫోర్నియాకి చెందిన బయసోట్టి అనే తుపాకుల నిపుణుడు 1959లోనే వరుసగా కలిసే గీతల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. 1997లో మర్డాక్ అనే ఇంకో నిపుణుడితో కలిసి ఒక హద్దు చెప్పాడు: లోతున్న గుర్తుల్లో ఒకేచోట కనీసం ఆరు గీతలు వరుసగా కలవాలి, లేదంటే రెండుచోట్ల మూడేసి కలవాలి. అందరూ దాన్ని ఒప్పుకోరు. కానీ అడిగినవాడికి చెప్పడానికి ఒక మాటైనా ఉంటుంది. మా పిల్లలు రికార్డు పుస్తకంలో బొమ్మ పక్కన వరుస గీతల లెక్క రాయాల్సిందే, రాయకపోతే సంతకం పెట్టను.

మనుషుల కళ్లు మాత్రం తప్పుచెయ్యవా అంటే చేస్తాయి. 2014లో అమెరికాలో 218 మంది నిపుణులకి రూగర్ పిస్టళ్ల ఖాళీ కేసులిచ్చి పరీక్ష పెట్టారు. వేరువేరు తుపాకులవైన జతలు 2178. వాటిలో 22 జతల్ని ఒకే తుపాకివని తప్పుగా చెప్పారు. ఆ 22లో 20 తప్పులు అయిదుగురివే. నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించింది ఇంకో అంకె: 735 జతల దగ్గర "ఏమీ తేల్చలేం" అన్నారు. మూడింట ఒక వంతు! ఆ తర్వాత 2016లో అమెరికా అధ్యక్షుడి శాస్త్ర సలహామండలి, ఇలాంటి పరీక్ష సరిగ్గా జరిగింది ఇదొక్కటే, ఇంకా కావాలి అని గట్టిగానే రాసింది. మా తరం వాళ్లకి ఆ రిపోర్టు మింగుడుపడలేదు. నాకు పడింది, ఆ జడ్జి గారి చూపు వల్ల కావచ్చు.

ఈ సాఫ్ట్‌వేర్‌లో "తేల్చలేం" అనే బటనే లేదు. ఉత్త సీసానికి కూడా అంకె వేసేస్తుంది. 1929లో షికాగో గ్యారేజీలో ఏడుగుర్ని కాల్చి చంపినప్పుడు, హంతకుల్లో కొందరు పోలీసు బట్టల్లో వచ్చారు కాబట్టి పోలీసుల మీదే అనుమానం వచ్చింది. గొడార్డ్ మొదట పోలీసుల టామీ గన్లు (థామ్సన్ మరతుపాకులు) కాల్చి చూసి "ఇవి కావు" అన్నాడు. అసలు తుపాకులు డిసెంబరులో వేరే ఇంట్లో దొరికాక అప్పుడు "ఇవి" అన్నాడు. "కావు" అనలేని యంత్రం అయిదు పైసలకి కొరగాదు. మా కంప్యూటర్‌లోంచి దాన్ని తీసేయించాను. కెమెరాతో వచ్చిన మామూలు బొమ్మలు తీసే ప్రోగ్రామ్ చాలు, అది బాగానే పనిచేస్తోంది. సాఫ్ట్‌వేర్ వద్దంటే ధర తగ్గిస్తారేమో బిల్లు వేయకముందే అడగండి. నేను అడగలేదు, బిల్లు చూస్తే దానికి విడిగా నలభై రెండు వేలు వేశారు.

అన్న మాట ప్రకారం లైట్ల కథ. మూడు ఉత్తరాలు, రెండు ఫోన్లు అయ్యాక మొన్న శనివారం కొరియర్‌లో కొత్త ఎల్ఈడీల జత వచ్చింది. అటెండరూ నేనూ కిటికీ దగ్గర నిలబడి వెలిగించి చూశాం. రెండూ ఒకే తెలుపు, చూడముచ్చటగా ఉన్నాయి. ప్లగ్గు మాత్రం మన యంత్రానికి పట్టలేదు.